చప్పుడు లేని బండి ఖరీదు



మా చిన్నాయన బెంగుళూరులో ముప్ఫై ఏళ్ళకు పైగా ఒకే ఇంట్లో కారు నడుపుతున్నారు. మాది హోసూరు పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పని దగ్గర కన్నడం. మా ప్రాంతంలో పుట్టినవాళ్ళకు ఇది మామూలే. అంబాసిడర్ కారుతో ఆయన ఉద్యోగం మొదలైంది. ఆ తర్వాత ఆ ఇంటికి ఎన్ని కార్లు వచ్చాయో, అన్నింటినీ ఆయనే తోలారు. బానెట్ మీద చెయ్యి పెట్టి, ఒక చెవి అటు పెడితే చాలు, లోపల ఏ జబ్బు మొదలైందో చెప్పేస్తారు.

పోయిన సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు ఆయన నన్ను పక్కకు పిలిచి ఒక మాట అడిగారు. "అబ్బోడా, మా అయ్యవారు కోటిన్నర పోసి కరెంటు కారు కొనాలంటున్నారు. అదే దుడ్డుకు పెట్రోలు కారూ వస్తుంది. రెండింట్లో ఏది మేలో నువ్వు చెప్పు అని నన్ను అడిగినారు. నేనేం చెప్పేది?"

యజమాని తన డ్రైవరును అలా అడగడం చిన్న సంగతి కాదు. రేపు ఆ బండి గుదిబండగా మారితే, ముప్ఫై ఏళ్ళుగా నిలబెట్టుకున్న మాట పోయేది చిన్నాయనదే. నాకు కార్ల వ్యాపారం తెలియదు. చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. అయితే ఈ ప్రశ్న కొత్తది కాదని మాత్రం తెలుసు. అమెరికాలో డెట్రాయిట్ నగరంలోని సంపన్నులు 1912 ప్రాంతంలో ఇదే ప్రశ్నతో తల పట్టుకున్నారు. అక్కడ ఏం జరిగిందో తెలిస్తే ఇక్కడి లెక్క కొంత తేలుతుందని నా నమ్మకం. అందుకే ఈనాటి ప్రసంగంలో మిమ్మల్ని ఆ కాలానికి తీసుకుపోతాను.

విద్యుత్తుతో నడిచే కారు నిన్నమొన్నటి వింత అని మనలో చాలామంది అనుకుంటాం. 1900 సంవత్సరంలో అమెరికాలో తయారైన కార్లు మొత్తం 4,192. వాటిలో ఆవిరితో నడిచేవి 1,681. విద్యుత్తుతో నడిచేవి 1,575. పెట్రోలుతో నడిచేవి 936 మాత్రమే. అంటే మూడింటిలోనూ పెట్రోలు కారే వెనకబడి ఉంది. అంతకు ముందు ఏడాది, 1899 ఏప్రిల్‌లో, కామిల్ జెనాట్జీ అనే బెల్జియం దేశస్థుడు పారిస్ దగ్గర ఒక విద్యుత్ బండిని గంటకు 105 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తించాడు. రోడ్డు మీద నడిచే బండి గంటకు వంద కిలోమీటర్లు దాటడం లోకంలో అదే మొదటిసారి. న్యూయార్కులో 1897 నుంచే విద్యుత్ టాక్సీలు తిరిగాయి.

కారణం చాలా తేలిక. ఆవిరి బండిని ఎక్కాలంటే ముందు నీళ్ళు కాగాలి. పెట్రోలు బండికి ముందు నిలబడి ఇనుప హ్యాండిలు పట్టుకుని బలంగా తిప్పాలి. మన దగ్గర పాత లారీలకు, అంబాసిడర్‌కు కూడా అలాంటి హ్యాండిలు ఉండేది, పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఇంజను ఎదురు తన్నిందంటే మణికట్టు విరిగేది. ఎలాగో బండి కదిలాక కూడా గేర్లతో కుస్తీ, పొగ, కంపు, ఒళ్ళంతా అదురు. విద్యుత్ కారుకు ఇవేవీ లేవు. ఎక్కి కూర్చుని మీట జరిపితే కదిలింది. అంతే.

అదే 1900లో ఇంగ్లండులో చార్లెస్ రోల్స్ అనే యువకుడు విద్యుత్ కారు గురించి ఒక పత్రికతో మాట్లాడాడు. చప్పుడు లేదు, శుభ్రంగా ఉంది, కంపు లేదు, అదురు లేదు, ఛార్జింగ్ కేంద్రాలు నెలకొంటే చాలా ఉపయోగపడుతుంది అని మెచ్చుకున్నాడు. ఈ రోల్స్ గారే తర్వాత రాయిస్ గారితో కలిసి ప్రపంచంలోకెల్లా ఖరీదైన పెట్రోలు కార్లకు తన పేరు పెట్టాడు. ఆ మెచ్చుకోలు గుర్తుంచుకోండి, దానితో మనకు మళ్ళీ పని ఉంది.

ఇప్పుడు డెట్రాయిట్‌కు వద్దాం. ఆ ఊళ్ళో గుర్రపు బగ్గీలు తయారుచేసే ఆండర్సన్ కంపెనీ ఒకటి ఉండేది. 1907లో అది విద్యుత్ కార్లు చెయ్యడం మొదలుపెట్టింది. ఆ కారు పేరు డెట్రాయిట్ ఎలక్ట్రిక్. దాన్ని కారు అనడం కంటే చక్రాల మీద కట్టిన చిన్న హాలు అనడం సబబు. నిలువెత్తు అద్దాలు, మెత్తటి పరుపు కుర్చీలు, పూలు పెట్టుకోవడానికి చిన్న కూజా. చుక్కాని గుండ్రటి చక్రం కాదు, పడవకు ఉన్నట్టు ఒక పొడుగాటి మీట. నడిపేవారు వెనక సీట్లో కూర్చుని, ఎదుట కూర్చున్నవారితో కబుర్లు చెబుతూ నడపవచ్చు. వేగం గంటకు ముప్ఫై, నలభై కిలోమీటర్లు. ఒకసారి ఛార్జి చేస్తే 130 కిలోమీటర్ల దాకా పోతుందని కంపెనీ చెప్పుకునేది. ఒక పరీక్షలో 340 కిలోమీటర్లు పోయింది కూడా. అయితే పరీక్షలో పోయిన దూరం వేరు, కొన్నవాడికి దొరికే దూరం వేరు. ఈ తేడా అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఆ బండి ధర మూడు వేల డాలర్ల చుట్టూ ఉండేది. అది ఎంత డబ్బో తెలియాలంటే ఒక లెక్క చూడండి. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ తన కార్మికులకు రోజుకు ఐదు డాలర్లు ఇస్తానని ప్రకటిస్తే, అంత కూలి ఎక్కడా లేదని లోకమంతా ముక్కున వేలేసుకుంది. ఆ కూలితో లెక్క వేసినా డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కొనాలంటే ఆరువందల రోజులు పని చెయ్యాలి, అదీ తిండి తిప్పలు మానుకుని. ఫోర్డ్ గారి మోడల్ టీ కారు ఆ నాటికి ఐదువందల డాలర్ల చుట్టూ దొరికేది. అంటే వంద రోజుల కూలి.

ఇక్కడొక తమాషా. ఆ హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా ఫోర్డ్ నడిపిన కారు మోడల్ టీ కాదు. డెట్రాయిట్ ఎలక్ట్రిక్! లోకానికంతటికీ పెట్రోలు కార్లు అమ్మిన మనిషి ఇంట్లో, ఇల్లాలు పోటీ కంపెనీ విద్యుత్ కారులో తిరిగేది. 1914 నాటి ఆమె బండి డియర్‌బోర్న్‌లో ఫోర్డ్ పేరున ఉన్న మ్యూజియంలో నేటికీ ఉంది.

విద్యుత్ కార్ల కంపెనీలు తమ సరుకును ఆడవాళ్ళ బండి అని ప్రచారం చేసుకున్నాయి. శుభ్రం, సులువు, ఊళ్ళో పేరంటాలకు వెళ్ళిరావడానికి అనువు అన్నారు. అమ్మకాలకు అది కొన్నాళ్ళు పనికొచ్చింది. కానీ ఆ మాట విన్న మగవాళ్ళు దాని దగ్గరికి రావడానికి సిగ్గుపడ్డారు. మణికట్టు విరగ్గొట్టుకోవడం మగతనమనీ, హాయిగా కూర్చుని వెళ్ళడం ఆడతనమనీ ఎవరు నిర్ణయించారో గాని, కొనేవాళ్ళలో సగంమందిని కంపెనీలే తమ చేతులతో తరిమేసుకున్నాయి.

మరి ఆ మూడు వేల డాలర్లకు తగ్గ విలువ ఉందా? చాలామంది చరిత్రకారులు ఇక్కడ విద్యుత్ కారును మోడల్ టీ పక్కన నిలబెట్టి తీర్పు చెబుతారు. 1912లో మామూలు పెట్రోలు కారు 650 డాలర్లు, విద్యుత్ కారు 1,750 డాలర్లు, అందుకే ఓడిపోయింది అంటారు. నాకది సరైన తూకంగా తోచదు. పట్టుచీర ఖరీదు తేల్చాలంటే నూలుచీర పక్కన పెట్టి లాభం లేదు, ఇంకో పట్టుచీర పక్కన పెట్టాలి. డెట్రాయిట్ ఎలక్ట్రిక్‌కు అసలైన పోటీ అదే ఊళ్ళో తయారయ్యే కాడిలాక్. దాని ధర 1911లో 1,700 డాలర్లు. బలమైన ఇంజను, దూరప్రయాణం, గట్టి పేరు, అన్నీ ఉన్నాయి. లేనిదొక్కటే, హాయి. హ్యాండిలు తిప్పడం దానికీ తప్పేది కాదు. ఆ హాయి కోసం పైన వెయ్యి డాలర్లు పోసినవాళ్ళు ఉన్నారు. తప్పు చేశారని నేననను. ఊళ్ళోనే తిరిగేవాళ్ళకు, ఇంట్లో కరెంటు ఉన్నవాళ్ళకు, 1911 దాకా ఆ వెయ్యి డాలర్లకు తగిన ప్రతిఫలం దక్కింది.

1912 మోడల్ కాడిలాక్‌తో ఆ లెక్క తారుమారైంది. చార్లెస్ కెట్టరింగ్ అనే ఇంజనీరు అంతకు ముందు దుకాణాల్లో డబ్బు లెక్క చూసే క్యాష్ రిజిస్టర్లు తయారుచేసే కంపెనీలో పనిచేశాడు. ఆ యంత్రం సొరుగు తెరవడానికి అతను ఒక చిన్న మోటారు తయారుచేశాడు. అది రోజంతా తిరగనక్కర్లేదు. రెండు క్షణాలు బలంగా తిరిగి ఆగిపోతే చాలు. అదే కిటుకు కారు ఇంజనుకు వాడాడు. చిన్న బ్యాటరీ, చిన్న మోటారు. మీట నొక్కగానే మోటారు ఇంజనును తిప్పి మేలుకొలుపుతుంది, తర్వాత ఆ ఇంజనే బ్యాటరీని నింపుతుంది. హ్యాండిలు రాడ్డు మూలన పడింది. దీపాలు కూడా కరెంటువే. ధర మాత్రం 1,800 డాలర్లే.

ఒక్కసారి ఆలోచించండి. విద్యుత్ కారును దెబ్బకొట్టింది ఏమిటి? మరో విద్యుత్ మోటారు! పెట్రోలు కారు తన ప్రత్యర్థి నుంచి ఒక చిన్న ముక్క అరువు తెచ్చుకుని, దానితోనే ప్రత్యర్థిని పడగొట్టింది. 1912 దాటాక డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కొనేవాళ్ళు ఆ వెయ్యి డాలర్లు ఎందుకు ఎక్కువ ఇస్తున్నారో తమకు తామే చెప్పుకోలేకపోయారు.

ఆ ఎక్కువ డబ్బంతా ఎక్కడికి పోయేదంటే, ప్రధానంగా బ్యాటరీలోకి. సీసం పలకల బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. మంచిదే, కానీ భారీ బరువు. కిలో పెట్రోలులో దాగిన శక్తి పన్నెండు వేల పాళ్ళు అనుకుంటే, ఆనాటి కిలో సీసపు బ్యాటరీలో ముప్ఫై పాళ్ళు కూడా ఉండేవి కాదు. పైగా కొన్నేళ్ళకు మార్చాలి. థామస్ ఎడిసన్ దీనికి విరుగుడుగా నికెల్, ఇనుముతో మరో బ్యాటరీ చెయ్యాలని ఏళ్ళ తరబడి పాటుపడ్డాడు. మొదట మార్కెట్లో పెట్టినది కారిపోతుంటే వెనక్కి తీసుకుని మళ్ళీ పనిచేసి, మన్నికైనది తెచ్చాడు. డెట్రాయిట్ ఎలక్ట్రిక్‌లో అది కావాలంటే మరో ఆరువందల డాలర్లు. అంటే బ్యాటరీ పైన ఇచ్చే అదనపు సొమ్ముతోనే మోడల్ టీ ఒకటి ఇంటికొచ్చేది! 1914లో ఫోర్డ్, ఎడిసన్ ఇద్దరూ కలిసి చవక విద్యుత్ కారు చెయ్యాలని పూనుకున్నారు. పత్రికల్లో వార్తలు వచ్చాయి గాని కారు రాలేదు.

మరో కారణం కూడా ఉంది. 1901లో టెక్సాస్‌లోని స్పిండిల్‌టాప్ దగ్గర చమురు చిమ్మింది. పెట్రోలు డబ్బాల్లో పోసుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. కరెంటు తీగ మాత్రం పట్నం దాటలేదు. 1930ల మధ్యలో కూడా అమెరికా పొలాల్లోని పది ఇళ్ళలో తొమ్మిదింటికి కరెంటు లేదు. పట్నం రోడ్లు ఊళ్ళకు చేరేకొద్దీ పెట్రోలు కారు వాటి వెంట వెళ్ళింది, విద్యుత్ కారు ఊరి పొలిమేరలో ఆగిపోయింది. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ 1939 దాకా ఊపిరి బిగబట్టుకుని బతికింది. మొత్తం తయారైనవి సుమారు 13,000. మోడల్ టీ 1927లో ఆగేనాటికి కోటీ యాభై లక్షలు.

ఇంతవరకు పుస్తకాల్లో దొరుకుతుంది. తర్వాత కథను నేను వేరే విధంగా చూస్తాను. విద్యుత్ కారు పోయింది గాని, అది చూపించిన ఆదర్శం పోలేదు. చార్లెస్ రోల్స్ మెచ్చుకున్న గుణాలు గుర్తున్నాయా? చప్పుడు లేకపోవడం, అదురు లేకపోవడం, కంపు లేకపోవడం. ఆ తర్వాత వందేళ్ళ పాటు ఖరీదైన పెట్రోలు కార్లు పడ్డ పాట్లన్నీ ఆ మూడింటి కోసమే. రోల్స్‌రాయిస్ 1907లో తన కారుకు పెట్టుకున్న పేరు సిల్వర్ ఘోస్ట్, అంటే వెండి దెయ్యం. దెయ్యంలా చప్పుడు చెయ్యకుండా వస్తుందని గొప్ప. అదురు తగ్గడానికి ఆరు సిలిండర్లు చాలక పన్నెండు పెట్టారు. కాడిలాక్ 1930లో పదహారు పెట్టింది. గేరు మార్చినప్పుడు కుదుపు తెలియకూడదని ఆటోమేటిక్ గేర్లు తెచ్చారు. రబ్బరు దిమ్మలు, మందపాటి అద్దాలు, సైలెన్సర్లు, అన్నీ ఇంజను ఉన్న సంగతి లోపల కూర్చున్నవారికి తెలియకుండా చెయ్యడానికే. పెట్రోలు కారు ధర పెరిగేకొద్దీ విద్యుత్ కారులా ఉండడానికి ప్రయత్నించిందన్నమాట. ధనికులు ఇంజనుకు కొంత, ఆ ఇంజనును దాచినందుకు ఎంతో ఇస్తూ వచ్చారు.

ఇక మధ్య కాలాన్ని త్వరగా దాటుదాం. జనరల్ మోటార్స్ 1996లో ఈవీ1 అనే విద్యుత్ కారు తెచ్చి, అమ్మకుండా అద్దెకిచ్చి, కొన్నేళ్ళకు వెనక్కి తీసుకుని చాలావాటిని తుక్కు చేసింది. మన బెంగుళూరులో మైనీ వారి సంస్థ 2001లో రేవా అనే బుల్లి కారు అమ్మకానికి పెట్టింది. అది విలాసానికి ఆమడ దూరం. అయినా దాని నుంచి నేర్చుకునే పాఠం ఒకటుంది. ఇక్కడ పెద్దగా అమ్ముడుపోని రేవా లండన్‌లో జీ-విజ్ అనే పేరుతో వందల్లో తిరిగింది. లండన్ నడిబొడ్డుకు కారు తెచ్చేవాళ్ళ మీద 2003లో రోజుకు ఐదు పౌన్ల రుసుం వేశారు. విద్యుత్ కారుకు అప్పట్లో దాని నుంచి మినహాయింపు ఉండేది. ఒకే బండి, ఒకే బ్యాటరీ, పన్ను మారేసరికి దాని విలువే మారిపోయింది.

ఈలోగా బ్యాటరీ మారింది. సోనీ కంపెనీ 1991లో లిథియం అయాన్ బ్యాటరీని అమ్మకానికి తెచ్చింది. కామెరాలకు, తర్వాత ల్యాప్‌టాప్‌లకు, సెల్‌ఫోన్లకు వాడారు. 2008లో టెస్లా కంపెనీ అలాంటి చిన్న సెల్స్ 6,831 కలిపి రోడ్‌స్టర్ అనే కారు నడిపించింది. ధర లక్ష డాలర్లకు పైనే. ముందు ధనికులకు కొన్ని ఖరీదైన కార్లు అమ్మి, ఆ డబ్బుతో చవక కార్లు చేస్తామని ఆ కంపెనీ 2006లోనే బాహాటంగా చెప్పింది. కొనేవాళ్ళు బండి ధరతో పాటు రాబోయే వాళ్ళ బండికి పెట్టుబడి కూడా ఇచ్చుకున్నారన్నమాట. కిలోవాట్ గంట బ్యాటరీ 2010 ప్రాంతంలో వెయ్యి డాలర్లకు పైన ఉండేది. 2024 నాటికి ప్రపంచ సగటు 115 డాలర్లకు దిగింది.

ఇప్పుడు చిన్నాయన అడిగిన కోటిన్నర దగ్గరికి వస్తాను. మన దేశంలో సరైన తూకం వెయ్యడానికి మహారాష్ట్రలోని పుణె పక్కన చాకణ్ మంచి చోటు. అక్కడ మెర్సిడెస్ ఫ్యాక్టరీలో ఒకే కంపెనీ, ఒకే స్థాయి కార్లు రెండు రకాలుగా కూర్చారు. పెట్రోలుతో నడిచే ఎస్ 450 కారు 2021 అక్టోబరులో వచ్చినప్పుడు ధర కోటీ 62 లక్షలు. విద్యుత్తుతో నడిచే ఈక్యూఎస్ 580 మరుసటి ఏడాది సెప్టెంబరులో కోటీ 55 లక్షలకు వచ్చింది. పెట్రోలు కారుకు మూడువందల అరవై చిల్లర గుర్రాల బలం, విద్యుత్ కారుకు ఐదువందలకు పైన. అంటే బలం ఎక్కువ, చప్పుడు తక్కువ, ధర కూడా ఏడు లక్షలు తక్కువ. ఇంకేం కావాలి, అనిపిస్తుంది కదూ?

తొందరపడవద్దు. ఆ ధరల్లో జీఎస్‌టీ కలిసి ఉంది. అప్పట్లో పెద్ద పెట్రోలు కారు మీద సెస్సుతో కలిపి 48 శాతం, విద్యుత్ కారు మీద 5 శాతం. పన్ను తీసేసి చూడండి. పెట్రోలు కారు కోటీ తొమ్మిది లక్షలు, విద్యుత్ కారు కోటీ నలభై ఏడు లక్షలు. అంటే బండికి బండి, విద్యుత్తుది 38 లక్షలు ఎక్కువ. ఆ ఎక్కువను మోసింది ప్రభుత్వం. 2025 సెప్టెంబరులో పన్నులు మార్చినప్పుడు పెద్ద పెట్రోలు కార్లకు సెస్సు తీసేసి 40 శాతం చేశారు, విద్యుత్ కార్లకు 5 శాతమే ఉంచారు. తేడా కాస్త తగ్గింది గాని పోలేదు. ఇటు కర్ణాటకలో 2024 నుంచి 25 లక్షలు దాటిన విద్యుత్ కార్లకు పది శాతం జీవితకాలపు పన్ను వేశారు. అంతకు ముందు అది మాఫీ. పెట్రోలు కారుకు ఇంతకంటే ఎక్కువే ఉందనుకోండి.

పెట్రోలు ఆదా కాదా అని అడుగుతారు. అవుతుంది. ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. లీటరుకు పది కిలోమీటర్ల చొప్పున పన్నెండువందల లీటర్లు, లీటరు వంద రూపాయలైతే లక్షా ఇరవై వేలు. అదే విద్యుత్ కారుకు యూనిట్‌కు ఐదు కిలోమీటర్ల చొప్పున ఇంటి కరెంటుతో ఇరవై వేలు దాటదు. ఏడాదికి లక్ష మిగులు. పన్ను రాయితీ లేకుంటే ఆ 38 లక్షలు రాబట్టడానికి 38 ఏళ్ళు కావాలి! కోటిన్నర పెట్టి కారు కొని పెట్రోలు ఆదా గురించి మాట్లాడడం, ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టడమే.

అసలు దెబ్బ తగిలేది తిరిగి అమ్మేటప్పుడు. ఖరీదైన కారు ఏదైనా మొదటి మూడేళ్ళలో చాలా విలువ పోగొట్టుకుంటుంది. విద్యుత్ కారు ఇంకా త్వరగా పోగొట్టుకుంటోంది. కారణం అది చెడిపోవడం కాదు, దాని తర్వాత వచ్చేది ఇంకా బాగుండడం. నిన్నటి ఫోనుకు పట్టిన గతే. 2024 జనవరిలో అమెరికాలో కార్లు అద్దెకిచ్చే హెర్ట్జ్ కంపెనీ ఇరవై వేల విద్యుత్ కార్లు వదిలించుకుంటున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది పోర్షా కంపెనీ విలాస విద్యుత్ కారు టేకన్ అమ్మకాలు అంతకు ముందు ఏడాది కంటే 49 శాతం పడిపోయాయి. బ్యాటరీ చవకవుతున్న కొద్దీ, ముందుగా కొన్నవాడు ఇచ్చిన ధర వెర్రిబాగుల లెక్కగా కనిపిస్తుంది.

ఇక్కడే 1912 తలకిందులైందని నాకు తోస్తుంది. అప్పుడు పెట్రోలు కారు విద్యుత్ కారు హాయిని ఎత్తుకుపోయి దాని ధరకు అర్థం లేకుండా చేసింది. ఇప్పుడు విద్యుత్ మోటారు ఏం చేసిందంటే, పన్నెండు సిలిండర్లు పెట్టినా దొరకని నిశ్శబ్దాన్ని పదిహేను, ఇరవై లక్షల కారులోకి తెచ్చేసింది. ఆ నిశ్శబ్దం కోసమే కోట్లు తీసుకున్న పెట్రోలు కారుకు ఇక చెప్పుకోవడానికి ఏముంది? ఆ మాట విలాస విద్యుత్ కారుకూ వర్తిస్తుంది. చప్పుడు లేకపోవడం దాని సొత్తు కాదు, పక్కింటి చిన్న కారులోనూ ఉంది. మిగిలింది తోలు సీట్లు, చోటు, ముందున్న బొమ్మ. రోల్స్‌రాయిస్ 2024 జనవరిలో మన దేశంలో స్పెక్టర్ అనే విద్యుత్ కారును ఏడున్నర కోట్లకు తెచ్చింది. చార్లెస్ రోల్స్ ఆశించిన బండి అది, నూట ఇరవై ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఆ ఏడున్నర కోట్లు మోటారుకు కాదని కొనేవారికీ తెలుసు.

ఇవన్నీ చిన్నాయనకు చెప్పాను. ఆయన ఓపికగా విని, "సరే, ఇదంతా కథ. ఇప్పుడు నేనేం చెప్పేది?" అన్నారు.

మీ అయ్యవారు ఏం తిరుగుతారు అని అడిగాను. రోజూ ఊళ్ళోనే. సొంత ఇల్లు, సొంత షెడ్డు. ఏడాదికి రెండుసార్లు తిరుమల. బెంగుళూరు నుంచి తిరుపతి రెండువందల యాభై కిలోమీటర్లు. పెద్ద బ్యాటరీ ఉన్న బండి ఛార్జి అయిపోకుండా అక్కడికి చేరుతుంది, రాత్రి అక్కడ ఛార్జి పెట్టుకోవచ్చు. కొండ ఎక్కేటప్పుడు తాగిన కరెంటులో కొంత ఘాటు దిగేటప్పుడు మోటారే తిరిగి బ్యాటరీలో పోస్తుంది. క్లారా ఫోర్డ్‌కు ఊరి పొలిమేర హద్దు అయితే ఈయనకు ఆ హద్దు లేదు.

"అయితే కొనమను, కొత్తది మాత్రం వద్దను," అన్నాను. రెండు మూడేళ్ళు వాడినది తీసుకుంటే విలువ పోయే నష్టమంతా మొదటివాడు భరించి ఉంటాడు. నిశ్శబ్దం మాత్రం అంతే ఉంటుంది. చాలా కంపెనీలు బ్యాటరీకి ఎనిమిదేళ్ళు, అంతకు పైన హామీ ఇస్తున్నాయి, అది బండితో పాటు రెండో యజమానికి వస్తుందో లేదో కాగితం చూసుకోవాలి. బ్యాటరీలో ఇంకా ఎంత సత్తువ మిగిలిందో కంపెనీ వర్క్‌షాపులో పరీక్ష చేయించి రాయించుకోవాలి. కొత్తదే కావాలని పట్టుబడితే పదేళ్ళు అమ్మనని ముందే నిశ్చయించుకోవాలి. మూడేళ్ళకోసారి కారు మార్చే అలవాటు ఉన్నవారైతే పెట్రోలు కారే నయం.

చిన్నాయన బెంగుళూరు వెళ్ళి ఏం చెప్పారో గాని, ఉగాదికి ఫోను చేశారు. రెండేళ్ళు తిరిగిన బండి వచ్చిందట, కొత్తదాని ధరలో సగానికి కాస్త ఎక్కువట. బాగుందా అని అడిగాను.

"బాగుంది గానీ అబ్బోడా, పొద్దున్నే బానెట్ మీద చెయ్యి పెట్టి చెవి పెడతాను. ఏం వినపడదు. బాగుందో బాగలేదో నాకెట్ల తెలిసేది?"

వర్క్‌షాపులో ఆ పరీక్ష కాగితం ఎలా చదవాలో నేర్పమని అడగండి అన్నాను. వచ్చే నెల నేర్పుతామన్నారట.